గంట ఎందుకు కొడతాం, బొమ్మను ఎందుకు ముంచేస్తాం: చవితి పూజను పిల్లలకు చెప్పే తీరు

వినాయక చవితి పూజ మధ్యలో పిల్లలు వేసే ప్రశ్నలకు మన ఇళ్లలో మూడు రకాల జవాబులు సిద్ధంగా ఉంటాయి. "తప్పు, అలా అడగకూడదు, లెంపలేసుకో" అనేది మొదటిది. "మన పెద్దవాళ్లు చేశారు, మనమూ చేస్తున్నాం" అనేది రెండోది. ఈమధ్య ఫోన్లలోంచి ఇంట్లోకి వచ్చిపడ్డది మూడోది: "దీని వెనక చాలా సైన్సుంది నాన్నా". మూడింట్లో ఏదీ జవాబు కాదు. మొదటిది నోరు మూయిస్తుంది, రెండోది ప్రశ్నను దాటేస్తుంది. మూడోది తెలివైన మాటలా కనిపిస్తుంది గానీ, ఎక్కువ చెరుపు చేసేది అదే. ఆ సంగతి తర్వాత చూద్దాం.

అసలు చిక్కు "అర్థం" అన్న మాటలోనే ఉంది. "హారతికి అర్థం ఏమిటి?" అని అడిగితే మూడు వేరువేరు జవాబులు చెప్పొచ్చు. పూజలో అది చేసే పని ఒకటి: వెలుగు పట్టి దేవుడి ముఖాన్ని కళ్లారా చూడటం. దాని గురించి చెప్పుకునే కథ ఇంకొకటి. పెద్దలు దాన్లో చూసుకునే తాత్పర్యం మరొకటి: కర్పూరం బూడిదైనా మిగల్చకుండా కరిగిపోయినట్టు మనలో 'నేను' అన్నది కరగాలి అని. ఈ మూడూ తప్పు కావు. కాకపోతే నాలుగేళ్ల పిల్లకు మూడోది చెబితే ఆ పిల్ల చెవికి చేరేది 'అహంకారం' అనే ఒక కొత్త శబ్దం మాత్రమే. మూడు నుంచి ఆరేళ్ల దాకా 'పని' చెప్పాలి, అయిదు దాటాక 'కథ' చెప్పాలి, తొమ్మిది పది వచ్చాక తాత్పర్యం ఎత్తుకోవాలి. చాలా ఇళ్లలో ఈ వరస తలకిందులవుతుంది. అందుకే పిల్లలు తాత్పర్యాలు వల్లెవేస్తారు గానీ, ఉద్ధరిణెతో మూడుసార్లు నీళ్లు ఎందుకు వదులుతున్నారో చెప్పలేరు.

ఇంటికి చుట్టం వచ్చాడు

పూజ మొత్తాన్ని పిల్లలకు విప్పి చూపించే తాళంచెవి ఒకటే ఉంది, అది కొత్తగా కనిపెట్టింది కాదు. షోడశోపచారాలంటే పదహారు మర్యాదలు. వచ్చిన అతిథికి ఇంటివాళ్లు చేసేవే. పుస్తకాన్ని బట్టి లెక్కా వరసా కాస్త మారుతుంటాయి గానీ అల్లిక అదే.

ఆవాహనం అంటే రమ్మని పిలవడం. ఆసనం అంటే కూర్చోమని పీట వేయడం. పాద్యం కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, అర్ఘ్యం చేతులకు నీళ్లు, ఆచమనీయం నోట్లో పోసుకోవడానికి నీళ్లు. ఆ మూడు ఉద్ధరిణెల సంగతి ఇదే. దూరం నుంచి నడిచొచ్చిన మనిషికి గుమ్మంలోనే కాళ్లకు నీళ్లిచ్చిన కాలపు మర్యాద అది. తర్వాత మధుపర్కం: పెరుగు, తేనె, నెయ్యి కలిపి ఇచ్చేది. పెళ్లిలో మామగారు అల్లుడి కాళ్లు కడిగి మధుపర్కం ఇవ్వడం పిల్లలు చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకే మర్యాద. ఆ తర్వాత స్నానం, కట్టుకోవడానికి బట్టలు, గంధం, పూలు, మంచి వాసనకు ధూపం, చీకట్లో కూర్చోపెట్టకుండా దీపం, భోజనం, భోజనమయ్యాక తాంబూలం. చివర్న వెళ్లొస్తానంటే సాగనంపడం.

ఇది ఒకసారి పట్టుబడితే పిల్లలు తర్వాతి మెట్టు తామే చెప్పేస్తారు. "స్నానం అయింది, ఇప్పుడేం కావాలి?" అని అడిగి చూడండి. "తువ్వాలు" అంటారు. నవ్వకండి, వస్త్రం అదే. పత్తిని సన్నగా లాగి, అక్కడక్కడ నలిపి, కుంకుమ బొట్లు పెట్టి చేసే పత్తి వస్త్రాన్ని నాలుగేళ్ల పిల్లలు చక్కగా చేస్తారు. పత్తి పొడిగా, చేతులు పొడిగా ఉండాలి. తడి తగిలితే ముద్దయిపోతుంది. కుంకుమకు మాత్రం ఒక్క చుక్క నీళ్లు చాలు.

ఇంట్లో ఏదైనా లేకపోతే ఏం చేస్తారన్నది కూడా పిల్లలకు చూపించదగ్గదే. యజ్ఞోపవీతం తేవడం మరిచిపోయారు, మధుపర్కానికి తేనె లేదు. అప్పుడు 'అక్షతాన్ సమర్పయామి' అని నాలుగు అక్షతలు వేస్తారు. ఉన్నదాంతో మర్యాద చేయడం పద్ధతిలోనే ఉంది. వస్తువు తక్కువైతే దేవుడికి కోపం వస్తుందన్న బెంగ పిల్లల్లో నాటుకోకుండా ఉండాలంటే ఈ అక్షతల సర్దుబాటును వాళ్లచేతే చేయించాలి.

అక్షతలంటే క్షతం కానివి, విరగని గింజలు. కాబట్టి బియ్యంలోంచి నూకలు ఏరేయడమే పిల్లల మొదటి పని కావచ్చు. పావు గ్లాసు బియ్యానికి పావు చెంచా పసుపు, నాలుగు చుక్కల నెయ్యి వేసి వేళ్లతో కలిపితే చాలు. నెయ్యికి బదులు నీళ్లు ఎక్కువ పోస్తే గింజ నాని, సాయంత్రానికి అంటుకుపోయి వాసనొస్తుంది.

ఇద్దరు వినాయకులు ఎందుకున్నారు?

దాదాపు ప్రతి పిల్లా అడిగే ప్రశ్న ఇది. పీట మీద మట్టి వినాయకుడుండగా, ముందు తమలపాకు మీద పసుపు ముద్దను పెట్టి దానికి పూజ చేస్తారు. జవాబు తేలికే. ఏ పూజ మొదలుపెట్టినా అది ఆటంకం లేకుండా జరగాలని ముందు గణపతిని పిలుస్తాం. ఈరోజు పూజే గణపతిదైనా ఆ అలవాటు తప్పదు. పసుపు గణపతి పని అవగానే ఆయన్ను కొంచెం పక్కకు కదిపి ఉద్వాసన చెబుతారు. రావడం, పోవడం ఒక చిన్న ముద్దలో పది నిమిషాల్లో కళ్లముందే జరిగిపోతుంది. పదో రోజో మూడో రోజో జరగబోయే నిమజ్జనానికి ఇది చిన్న నమూనా. ఇక్కడ చూపిస్తే అక్కడ ఏడుపు తగ్గుతుంది.

ముద్ద చేయడం పిల్లలకే వదలండి. రెండు పెద్ద చెంచాల పసుపులో నీళ్లు చుక్కచుక్కగా, మొత్తం ఒక చెంచాకు మించకుండా కలపాలి. ఒకేసారి పోస్తే గోపురంలా నిలబడదు, జారిపోతుంది. జారిపోయినా కంగారు లేదు, ఇంకో చెంచా పసుపు వేసుకోవచ్చు.

సంకల్పం: ఇంటి చిరునామా, నేటి తేదీ

పూజలో పిల్లలకు అన్నిటికంటే విసుగు పుట్టించేది సంకల్పం. నిజానికి దాన్ని మించిన ఆట లేదు. ఎవరో, ఎక్కడున్నారో, ఎప్పుడో చెప్పుకోవడమే సంకల్పం. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే అని పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి దిగుతూ, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో చెబుతాం. భారతదేశపు పటం తెచ్చి శ్రీశైలం మీద వేలు పెట్టించండి. అక్కడి నుంచి విజయవాడ, విశాఖపట్నం తూర్పున, కాస్త ఈశాన్యం వైపుకు. తిరుపతి దక్షిణాన, కాస్త ఆగ్నేయం వైపుకు. హైదరాబాద్ ఉత్తరాన, కాస్త వాయవ్యం వైపుకు. హైదరాబాద్‌లో పురోహితులు 'కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే' అంటే అది అక్షరాలా నిజమని పటంలో ఆ రెండు నదుల నీలిగీతల మధ్య పిల్లలు చూస్తారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో పురోహితులు జంబూద్వీపాన్ని మార్చి క్రౌంచద్వీపే, రమణకవర్షే అని చదవడం వినిపిస్తుంది. అక్కడ పుట్టిన పిల్లలకు ఈ మార్పు చూపిస్తే, మంత్రం గుడ్డిగా చదివేది కాదని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాత తేదీ. 2025 ఆగస్టు 27న చదివింది విశ్వావసు నామ సంవత్సరే, దక్షిణాయనే, వర్ష ఋతౌ, భాద్రపద మాసే, శుక్లపక్షే, చతుర్థ్యాం అని. 2026 సెప్టెంబరు 14న చదివేది పరాభవ నామ సంవత్సరే అని. మిగతాదంతా అదే, సంవత్సరం పేరూ వారం మాత్రమే మారాయి. తేదీ ఏటా ఎందుకు మారుతోందన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది: ఇది చంద్రుణ్ణి చూసి లెక్కించే రోజు, అమావాస్య తర్వాత నాలుగోది. ఎనిమిదేళ్ల పిల్లలు దీన్ని పట్టుకున్నారంటే చవితి చంద్రుడు సన్నటి నెలవంకగా ఎందుకుంటాడో వాళ్లే చెబుతారు.

ఇరవై ఒక్క ఆకులు, వాటిలో జాగ్రత్త పడాల్సినవి

ఏకవింశతి పత్రపూజ పిల్లలకు పండగలో పండగ. ఆకుల పేర్లు పుస్తకంలో సంస్కృతంలో ఉండటమే అడ్డంకి. దూర్వాయుగ్మం అంటే జంట గరిక. బదరీ అంటే రేగు. అపామార్గం ఉత్తరేణి, చూతం మామిడి, కరవీరం గన్నేరు, దాడిమీ దానిమ్మ, సింధువారం వావిలి, శమీ జమ్మి, అశ్వత్థం రావి, అర్జునం మద్ది, అర్కం జిల్లేడు, దత్తూరం ఉమ్మెత్త. ముందురోజు సాయంత్రం పిల్లలతో కూర్చుని ఆకులను విడదీసి, ఒక్కో కట్టకు పేరు రాసిన చీటీ కట్టండి. పూజలో 'గజాననాయ నమః' అనగానే గరిక అందించడం పిల్లల వంతు.

ఇక్కడ భక్తి కంటే ముందు తెలియాల్సిన సంగతి ఒకటి ఉంది. ఈ ఇరవై ఒక్కటిలో ఉమ్మెత్త, గన్నేరు కడుపులోకి పోతే విషం. జిల్లేడు ఆకు తుంచితే కారే పాలు కంట్లో పడితే కన్ను బాగా దెబ్బతింటుంది. "ఇవన్నీ ఔషధ మొక్కలు, ఆరోగ్యానికి మంచివి" అని పిల్లలకు చెప్పి వదిలేస్తే, విన్న పిల్ల ఆకు నోట్లో పెట్టుకోవడంలో తప్పేముంది? ఆ మూడు కట్టలూ పెద్దల చేతిలోనే ఉండాలి. వాకుడు ఆకుకు, రేగుకొమ్మకు ముళ్లుంటాయి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించాకే ఉండ్రాళ్లు చుట్టనివ్వాలి.

ఇరవై ఒకటీ దొరకవు. బజార్లో 'పత్రి' అని అమ్మే కట్టలో సగం ఏ కొమ్మో ఏ రెమ్మో అమ్మేవాళ్లకే తెలియదు. గుర్తుపట్టగలిగిన ఆరేడు ఆకులు చాలు, మిగతావాటికి గరికో అక్షతలో వేయవచ్చు. పేరు తెలిసిన ఏడు ఆకులు, పేరు తెలియని ఇరవై ఒక్క రెమ్మల కంటే పిల్లలకు ఎక్కువ నేర్పుతాయి. జమ్మిని ఇప్పుడు గుర్తుపడితే దసరాకి అదే చెట్టు దగ్గరికి వెళ్లినప్పుడు "ఇది మన వినాయకుడి ఆకు" అంటారు.

పత్రికి ముందుండే అంగపూజ కూడా చిన్నపిల్లలదే. పాదౌ పూజయామి దగ్గర మొదలై జానునీ, ఉదరం, కంఠం, నేత్రే, కర్ణౌ అంటూ శిరస్సు దాకా పోతుంది. ఒక్కో మాటకు తమ ఒంటి మీద ఆ భాగాన్ని తాకమనండి. పాదాల నుంచి పైకి ఎందుకు అని అడుగుతారు: పెద్దవాళ్లకు దండం ఎక్కడ పెడతాం? పాదాలకే కదా. పేర్లన్నీ బొమ్మను చూసి చెప్పేవే: ఏకదంతుడు ఒక్క దంతం వాడు, లంబోదరుడు వేలాడే బొజ్జవాడు, శూర్పకర్ణుడు చేటల్లాంటి చెవుల వాడు. అపార్టుమెంటు పిల్లలు చేట చూసి ఉండరు, అది కూడా చూపించాల్సి వస్తుంది.

కథలో తల తెగే చోటు

కథ దగ్గరికొస్తే పిల్లలను భయపెట్టేదీ, పెద్దలను ఇరకాటంలో పెట్టేదీ ఒకే సన్నివేశం. తండ్రి కొడుకు తల నరికేశాడు. నాలుగేళ్ల పిల్లకు ఇది వాళ్ల నాన్న గురించిన కథ. అంత చిన్నవాళ్లకు "అమ్మ నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసింది, తర్వాత ఆ బాబుకు ఏనుగు ముఖం వచ్చింది" అంటే చాలు. అబద్ధం కాదు, పూర్తిగా చెప్పలేదంతే. అయిదారేళ్లకు మధ్యది చెప్పొచ్చు, ఆ పిల్లవాణ్ణి శివుడు తన కొడుకని తెలియక పొరపడ్డాడు అని.

ఏడేళ్లు దాటిన పిల్లలు ఇంకో ప్రశ్న వేస్తారు: "మరి ఆ ఏనుగు ఏం పాపం చేసింది?" టీవీలో, బొమ్మల పుస్తకాల్లో కనిపించే కథలో దీనికి జవాబు లేదు. ఉత్తరం వైపు తల పెట్టి పడుకున్న ఏదో ఏనుగు తల తెచ్చారంతే. మన తెలుగిళ్లలో చదివే వ్రతకథలో జవాబుంది. కథ ఏనుగుతోనే మొదలవుతుంది. గజాసురుడు తపస్సు చేసి, శివుణ్ణి తన కడుపులోనే ఉండమని వరం అడుగుతాడు. భర్త కనిపించక పార్వతి విష్ణువును వేడుకుంటుంది. విష్ణువు నందిని గంగిరెద్దుగా అలంకరించి, దేవతలందరి చేత వాయిద్యాలు పట్టించి, గజాసురుడి ఊరికి గంగిరెద్దు మేళం కట్టుకెళతాడు. ఆట చూసి మురిసిన గజాసురుడు ఏం కావాలో కోరుకోమంటే శివుణ్ణి ఇమ్మంటారు. వచ్చినవాడు విష్ణువని గజాసురుడు గ్రహిస్తాడు, తనకు చావు తప్పదని తెలుస్తుంది. తన శిరస్సు లోకమంతా పూజించేలా చేయమని శివుణ్ణి కోరుకుంటాడు. ఆ తలే తర్వాత పిల్లవాడి మెడ మీదికి వస్తుంది. అంటే అది ఎవరి దగ్గరో లాక్కున్నది కాదు, అడిగి మరీ ఇచ్చింది. సంక్రాంతికి గంగిరెద్దు ఇంటి ముందుకొస్తే ఈ కథ మళ్లీ గుర్తు చేయవచ్చు. ఇంత చక్కటి అల్లికను వదిలేసి కార్టూన్ కథ చెప్పుకోవడం మన బద్ధకమే.

చంద్రుణ్ణి చూడకూడదన్న భాగంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఆ సాయంత్రం పిల్లలు బాల్కనీలో పొరపాటున పైకి చూసి, రాత్రంతా భయంతో పడుకోని ఇళ్లున్నాయి. కథ దేని గురించో చెబితే భయం పోతుంది. బొజ్జ నిండా తిని వంగి దండం పెట్టలేక అవస్థపడుతున్న వినాయకుణ్ణి చూసి చంద్రుడు నవ్వాడు. శాపం తగిలింది ఆ నవ్వుకు. కృష్ణుడంతటివాడికి ఆ రోజు చంద్రుణ్ణి చూసినందుకు వచ్చింది దొంగ అన్న పేరు. సత్రాజిత్తుదైన శమంతకమణి కోసం అతని తమ్ముడు ప్రసేనుణ్ణి చంపాడని ఊరంతా అనుకున్నారు. కృష్ణుడు కోప్పడి కూర్చోలేదు. అడవికి పోయి, అడుగుల జాడ వెతికి, సింహం ప్రసేనుణ్ణి చంపిందని, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడని తేల్చుకుని, గుహలో ఇరవై ఎనిమిది రోజులు పోరాడి మణి తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టాడు. బడిలో "నా పెన్సిల్ వీడే తీశాడు" అనిపించుకున్న ప్రతి పిల్లకూ ఈ కథ వెంటనే అర్థమవుతుంది.

దోషం పోవడానికి చదివే శ్లోకం సంగతి చాలామంది పెద్దలకే తెలియదు. 'సింహః ప్రసేనమవధీత్ సింహో జాంబవతా హతః, సుకుమారక మారోదీః తవ హ్యేష స్యమంతకః'. మాటకు మాట చెబితే: సింహం ప్రసేనుణ్ణి చంపింది, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడు, చిన్నవాడా ఏడవకు, ఈ మణి నీదే. గుహలో ఏడుస్తున్న జాంబవంతుడి పిల్లవాణ్ణి దాది ఊరుకోబెడుతూ అన్న మాటలివి. అది విన్నాకే కృష్ణుడికి నిజం తెలిసింది. భయం పోగొట్టడానికి మనం చదివేది ఒక లాలిమాట. చంద్రుణ్ణి చూశానని వణికే పిల్లకు ఇది చెప్పి, అక్షతలు తలమీద వేసి పడుకోబెట్టండి.

అదే వ్రతకథలో ఋషిపత్నుల మీద నింద పడ్డ ఘట్టం ఉంది. పదేళ్లలోపు వాళ్లకు దాన్ని విప్పి చెప్పాల్సిన పనిలేదు. చదివేటప్పుడు అలా దాటిపోవచ్చు.

సైన్సు పేరుతో చెప్పే కారణాలు

గంట మోగితే మెదడు కుడి ఎడమలు కలుస్తాయని, పత్రి చెరువులో వేస్తే నీళ్లు శుభ్రమవుతాయని, గుంజీలు తీస్తే చెవి తమ్మెల్లోని నాడులు నొక్కుకుని మార్కులు పెరుగుతాయని అనేక సందేశాలు తిరుగుతుంటాయి. వీటితో మూడు ఇబ్బందులు.

మొదటిది, చాలావరకు నిజం కాదు. చెరువులో కుప్పలుగా వేసిన ఆకులు కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి, చేపలకు అందాల్సింది తగ్గుతుంది. పై తరగతి సైన్సు పుస్తకం చదివిన రోజున పిల్లకు ఇది తెలుస్తుంది. ఆ రోజు కూలిపోయేది పత్రి గురించిన మాట ఒక్కటే కాదు, మీరు చెప్పిన ప్రతిదీ.

రెండోది, పూజకు ఉన్న సొంత కారణాన్ని ఇవి తోసేస్తాయి. గంట ఎందుకో ఆ గంట శ్లోకమే చెబుతోంది: 'ఆగమార్థం తు దేవానాం గమనార్థం తు రక్షసాం'. దేవతలు రావాలి, రాక్షసులు పోవాలి. చుట్టం వస్తున్నాడని ఇంట్లో అందరికీ వినిపించే కబురు, చెడ్డవాటిని బయటికి పొమ్మనే చప్పుడు. అయిదేళ్ల పిల్లకు దీనికి మించిన వివరణ ఏం కావాలి?

మూడోది లోతైనది. ప్రతి పనికీ ఆరోగ్య ప్రయోజనం చూపిస్తూ పోతే, మందుబిళ్ల ఉన్నప్పుడు పూజ దేనికన్న ప్రశ్న పిల్లలకు రావడం సహజం. అమ్మమ్మ ఊరెళ్లినప్పుడు ఆమె కాళ్లకు దండం పెడతాం, నడుముకు వ్యాయామమని కాదు గదా.

గుంజీల చిక్కు ఇంకొంచెం వేరు. బడిలో అవి శిక్ష, ఇక్కడ పూజ. పిల్లలు "నేనేం తప్పు చేశాను?" అంటారు. తమిళనాడులో దీన్ని తోప్పుకరణం అంటారు. విష్ణువు చక్రాన్ని మింగేసిన బాలగణపతిని నవ్వించి బయటికి తీయించడానికి విష్ణువే చెవులు పట్టుకుని గుంజీలు తీశాడని అక్కడ కథ చెప్పుకుంటారు. నవ్వించడానికి అంటే పిల్లలు ఎన్నయినా తీస్తారు. కుడిచేత్తో ఎడమ చెవి, ఎడమచేత్తో కుడి చెవి. వాళ్లు ముందు తప్పుగా పట్టుకుంటారు, ఆ నవ్వు కూడా పూజలో భాగమే.

"కళ్లు పోతాయి" అనే మాట

ముందే ఉండ్రం తిన్న పిల్లాడితో, బొమ్మ తొండం పట్టి లాగిన పిల్లతో మన నోటికి అలవాటుగా వచ్చే మాట ఇది. చిన్నపిల్లలు దాన్ని అక్షరాలా తీసుకుంటారు. మర్నాడు కంట్లో నలకపడితే దేవుడే చేశాడనుకుంటారు. చెప్పాల్సింది మర్యాద భాషలోనే ఉంది: "చుట్టానికి పెట్టాక మనం తిందాం". ఆకలి నిజంగా ఆగని పిల్లకు పూజకు ముందే టిఫిన్ పెట్టేయాలి, ఉపవాసం పసివాళ్లకు లేదు. పూర్తి వ్రతకల్పం అష్టోత్తరంతో, కథతో కలిపి గంటన్నర పైనే పడుతుంది. నాలుగేళ్ల పిల్ల నికరంగా పది పదిహేను నిమిషాలు కూర్చుంటుంది. కాబట్టి పసుపు ముద్ద, పత్రి, హారతి అనే మూడు చోట్ల పిలిచి, మధ్యలో ఆడుకోనివ్వండి. బలవంతంగా కూర్చోబెట్టిన పిల్లకు మిగిలేది కాళ్ల తిమ్మిరి జ్ఞాపకమే.

అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. కర్పూరం బిళ్ల చూడటానికి పటికబెల్లంలా ఉంటుంది. చిన్న ముక్క మింగినా పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు. డబ్బా పూజ పీట మీద వదలకండి. తాంబూలంలో వక్క గొంతుకు అడ్డం పడుతుంది. హారతి పళ్లెం పెద్దల చేతిలో ఉంచి, పిల్లల చెయ్యిని మంట పక్కగా తిప్పి కళ్లకు అద్దించాలి, మంట పైనుంచి కాదు.

దేవుడు తినలేదు కదా

నైవేద్యం పెట్టి తెర వేసి తీస్తే ఉండ్రాళ్లు లెక్కకు లెక్క ఉంటాయి. పిల్లలు లెక్కపెడతారు. ఇరవై ఒకటి పెడితే ఇరవై ఒకటీ ఉన్నాయి. "దేవుడు వాసన తిన్నాడు" లాంటి సర్దుబాట్లు అక్కర్లేదు. మాటలోనే జవాబుంది: నివేదించడం అంటే తెలియజేయడం, ముందు ఉంచడం. "ఇది నీవల్ల వచ్చింది, ముందు నీకు చూపిస్తున్నాం" అని చెప్పడం. తిరిగి మన చేతికొచ్చినప్పుడు దాని పేరు మారుతుంది, ప్రసాదం అవుతుంది. వస్తువు అదే, పేరు మారింది. ఈ తేడా ఆరేళ్ల పిల్లలకు బాగా పడుతుంది. బడిలో గీసిన బొమ్మను ముందు అమ్మకు చూపించి మళ్లీ తామే దాచుకుంటారు కదా.

ఉండ్రాళ్లు వాళ్లచేతే చుట్టించాలంటే, గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు, నానబెట్టిన శనగపప్పు గుప్పెడు, జీలకర్ర, ఉప్పు, చెంచా నెయ్యి. ఎసరు మరిగాక రవ్వ పోసి సన్నసెగ మీద మగ్గించాలి. పైన చల్లారినట్టున్నా లోపల సలసలా కాగుతుంటుంది. పళ్లెంలో పరిచి పావుగంట ఆగాకే పిల్లల చేతికివ్వాలి. చెయ్యి తడి చేసుకుంటే అంటదు. పగుళ్లు వస్తే నీళ్లు తక్కువైనట్టు, చేతికి జిగురుగా పట్టుకుంటే ఎక్కువైనట్టు. చుట్టినవి ఆవిరి మీద పది పన్నెండు నిమిషాలు. వంకరగా వచ్చిన ఉండ్రాన్ని పళ్లెంలో పక్కకు తోసేయకండి, ముందు వరసలో పెట్టండి.

నిజంగా జరిగిందా?

ఎనిమిదేళ్లకు ఈ ప్రశ్న తప్పదు. తల్లిదండ్రుల్లో ఒకరికి నమ్మకం ఉండి ఒకరికి లేని ఇళ్లు చాలా. పిల్ల ముందు వాదన పెట్టుకోకుండా, ఎవరి మాట వాళ్లు 'నేను' అని చెబితే సరిపోతుంది: "నేను నమ్ముతాను", "నాకు కథగా ఇష్టం, పూజలో కూర్చోవడం ఇష్టం". తెలియనిది "నాకూ తెలియదు, తాతయ్యను అడుగుదాం" అనొచ్చు. పక్కింటివాళ్లు మరో దేవుణ్ణి కొలిచేవాళ్లయితే, వాళ్ల పండగ రోజు వాళ్లింట్లోనూ శుభ్రం చేయడం, మంచి బట్టలు కట్టడం, వండి పదిమందికి పెట్టడం ఉంటాయని చూపించవచ్చు. ఎవరిది గొప్ప అన్న పోటీ పిల్లలు మొదలుపెట్టరు, మన దగ్గరే వింటారు.

మరి ముంచేయడం ఎందుకు?

ఇన్నాళ్లూ స్నానం చేయించి, బట్టలు కట్టి, తినిపించిన బొమ్మను తీసుకెళ్లి నీళ్లలో వేస్తుంటే పిల్లలు ఏడవడంలో వింతేమీ లేదు. వాళ్లు పూజను సరిగ్గా అర్థం చేసుకున్నారనడానికి అదే గుర్తు. ఇక్కడ చెప్పాల్సిన వరస ఒకటుంది. చుట్టాన్ని మొదట ముంచం, మొదట సాగనంపుతాం. ఉద్వాసన చెప్పి బొమ్మను కాస్త కదుపుతారు. 'పునరాగమనాయ చ' అంటారు, మళ్లీ రావడానికి అని. పసుపు ముద్ద దగ్గర చూసిందే ఇది. ఆ తర్వాత మిగిలింది మట్టి. మట్టి దాని ఇంటికి పోతుంది.

ఈ మాట నిజం కావాలంటే బొమ్మ కరగాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ కరగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన నిమజ్జన మార్గదర్శకాల్లో దాన్ని వద్దన్నది. అన్నా బజార్లో కనిపిస్తూనే ఉంటుంది, పైగా "మట్టిదే" అని అమ్ముతారు. గోటితో అడుగున గీకి చూడండి. పచ్చిమట్టి ముదురు రంగులో పొడిగా రాలుతుంది, తడి వేలు పెడితే జిగురుగా అంటుతుంది. ప్లాస్టర్ తెల్లగా సుద్దలా ఉంటుంది. కాల్చిన మట్టి బొమ్మా కరగదు. చెరువులో తేలుతున్న విరిగిన చేతిని చూసిన పిల్లకు "ఇంటికెళ్లాడు" అన్న మాట ఎలా నమ్మబుద్ధవుతుంది?

జానెడు బొమ్మకు ఒక బకెట్ చాలు. ముందు పూలదండ, పత్తి వస్త్రం, అతికించిన మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ కళ్లు ఉంటే అవి, అన్నీ తీసేయాలి. బొమ్మ మునిగేదాకా నీళ్లు పోసి, పిల్లల చేతులతోనే మెల్లగా దించనివ్వండి. మొదట బుడగలు వస్తాయి, చెవులూ తొండం కొస జారతాయి, తర్వాత బొజ్జ. పచ్చిమట్టిదైతే రాత్రి వదిలేస్తే పొద్దుటికి అడుగున మెత్తటి బురద మాత్రం ఉంటుంది. చాలామంది పిల్లలు అయిదారుసార్లు వచ్చి తొంగి చూస్తారు, చూడనివ్వండి. పొద్దున్న పైనీళ్లు వంచి, ఆ బురదను కుండీల్లో మట్టితో కలిపేయండి. ఒకేచోట మందంగా పోస్తే ఎండి పెచ్చుకట్టి వేళ్లకు గాలి ఆడదు. వాడిన పత్రిని విడిగా గుంటలో వేసి పైన మట్టి కప్పాలి, ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఆకులు మేకలకూ ఆవులకూ అందకుండా. బురద కలిపిన కుండీలో ఏం మొక్క వేయాలో పిల్లలనే అడగండి. బంతి అంటే విత్తనాలు ఇంట్లోనే ఉన్నాయి, తీసిన దండలోని పూలను బాగా ఎండనిచ్చి దులిపితే రాలతాయి.